చుక్కల లెక్క

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆడపిల్లల చదువును గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు మమ్మల్ని కోరారు. మేము ఇరవై ఏళ్లుగా ఉర్దూ మీడియం బడిలో పిల్లలకు లెక్కలు చెప్పుకొంటున్న వాళ్లము. ఉపన్యాసాలు మాకు అలవాటు లేదు. మాటలో తప్పులుంటే పెద్దలు మన్నించాలి. చదువు గొప్పదని చెప్పటానికి మాకంటె తెలిసినవారు ఈ వేదిక మీద ఉన్నారు. కనుక మేము ఒకే ఒక పాఠాన్ని గురించి చెబుతాము. అది మేము బడిలో చెప్పిన పాఠం కాదు. మా ఇంట్లో మేము నేర్చుకొన్న పాఠం.

మా భాయీజాన్ గారి రెండో అమ్మాయి జి.ఎన్.ఎం. నర్సింగ్ కోర్సు చదువుతున్నది. పదో తరగతి దాకా మా బడిలోనే ఉర్దూ మీడియంలో చదివింది. ఇంటర్ బై.పి.సి. ఇంగ్లీషులో పూర్తి చేసి, నర్సింగులో చేరతానన్నది. ఇంట్లో పెద్ద చర్చే అయింది. మా ఫూఫీ, "రాత్రి డ్యూటీలుంటాయట, పరాయి మగవాళ్లను ముట్టుకోవాలట, తర్వాత సంబంధాలు ఎవరు తెస్తారు?" అన్నారు. నిజం చెప్పాలంటే మేమూ ధైర్యంగా మాట్లాడలేదు. టీచర్ ట్రైనింగు అయితే బాగుంటుంది గదా అని నసిగాము.

జవాబు చెప్పింది మా అమ్మీ. ఆమె బడికి పోయిన మనిషి కాదు. "నాకు ఆపరేషను అయినప్పుడు సూది వేయటానికి మగాయన వస్తే వద్దన్నారు. ఆడ నర్సే కావాలని అందరూ గొడవ చేశారు. వచ్చిన ఆ పిల్ల ఎవరి బిడ్డ? వాళ్ల ఇంట్లో మాత్రం రాత్రి కాదా?" అన్నది. ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు. సభలోని పెద్దలు కూడా ఈ ప్రశ్నను ఇంటికి పట్టుకుపోవాలని మా మనవి. మన ఇంటి ఆడవాళ్లకు ఆడ నర్సు కావాలి, కాని ఆ నర్సు మన ఇంటి నుంచి రాకూడదు అంటే అది న్యాయమేనా? మదీనాలో రుఫైదా అల్ అస్లమియా గుడారం వేసి గాయపడినవారికి సేవ చేసిన సంగతి, ఖందక్ యుద్ధంలో గాయపడిన సఅద్ బిన్ మువాజ్ గారిని ఆ గుడారంలోనే ఉంచిన సంగతి మన చరిత్ర గ్రంథాల్లోనే ఉన్నది. ఇది మనకు కొత్త పని కాదు.

సరే, అమ్మాయి చేరింది. మొదటి సంవత్సరం పరీక్షలకు ముందు సెలవులకు ఇంటికి వచ్చింది. సంచీ నిండా ఇంగ్లీషు పుస్తకాలు. అందులో సిరలోకి ద్రవాలు, మందులు ఎక్కించే పాఠం ఒకటి. ఇంట్రావీనస్ థెరపీ అంటారట. మన వాడుకలో సెలైన్ ఎక్కించటం. అమ్మాయి మిద్దె మీద కూర్చుని కళ్లు మూసుకొని, ఊగుతూ, గడగడా అప్పజెప్పుతున్నది. మొదట మాకు గర్వంగానే ఉండింది. మేము నేర్పిన పద్ధతే గదా! పక్కన కూర్చుని, "అంటే ఏమిటి బేటీ?" అని అడిగాము. పిల్ల నోరు తెరవలేదు. కాసేపటికి, "తెలియదు చాచా, కాని ఇదే ప్రశ్న వస్తుంది" అన్నది.

అప్పుడు సంచీలోంచి క్లాసు పరీక్ష కాగితం తీసి చూపించింది. వెయ్యి మిల్లీలీటర్ల బాటిలు పది గంటల్లో పోవాలి, సెట్టు మీద మిల్లీలీటరుకు 15 చుక్కలని ఉన్నది, నిమిషానికి ఎన్ని చుక్కలు పడాలి అని ప్రశ్న. పిల్ల 33 అని వ్రాసింది. రావలసింది 25. ఎందుకంటే ఆమె బట్టీపట్టిన లెక్కలో సెట్టు 20 చుక్కలది. 15 అని ఇచ్చినా ఆమె చెయ్యి 20 అనే వ్రాసింది. కాగితం మీద సున్నా మార్కు. మంచం మీద అయితే ఏమయ్యేదో ఆలోచించండి. ఆ సున్నా ఆమెకు వేసింది కాదు, మాకు వేసింది. నిస్బత్, తనాసుబ్ అని ఎనిమిదేళ్ల కిందట అదే పిల్లకు లెక్కలు మొదలుపెట్టించింది మేమే. నలుగురు కూలీలు ఆరు రోజుల్లో బావి తవ్వితే ఎనిమిది మంది ఎన్ని రోజుల్లో తవ్వుతారు? ఎన్ని బావులు తవ్వించామో లెక్క లేదు. జవాబు వస్తే చాలుననుకొన్నాము. తెలుగులో దీన్నే త్రైరాశికం అంటారు. అది ఒక రోగి మంచం దగ్గర నిలబడి ఉంటుందని మాకు తోచలేదు.

ఆ రోజు నుంచి మేమిద్దరం కూర్చుని చదివాము. వంద పేజీల నోటుబుక్కు కొని ప్రతి పేజీలో మూడు గీతలు గీశాము. ఒక వరుసలో ఇంగ్లీషు మాట, రెండో వరుసలో ఉర్దూ, మూడో వరుసలో తెలుగు. వీన్ అంటే మన బడి పుస్తకంలో వరీద్, తెలుగులో సిర. ఆర్టరీ అంటే షిర్యాన్, తెలుగులో ధమని. తెలుగు ఎందుకంటారేమో! పరీక్ష ఇంగ్లీషులో, ఆలోచన ఉర్దూలో, కాని మంచం మీద ఉన్న ముసలమ్మకు చెప్పవలసింది తెలుగులో గదా. "అవ్వా, సూది దగ్గర మంటగా ఉందా?" అని అడగటం రాకపోతే ఎంత చదివినా ఏం లాభం?

మాట తెలిస్తే పాఠం దానంతట అదే విడిపోయింది. సూది ఉన్న చోట సిర వెంబడి ఎర్రబడి, వేడిగా, నొప్పిగా ఉంటే అది సిర వాపు. ద్రవం సిరలో పోకుండా పక్కన చర్మం కింద చేరితే అక్కడ ఉబ్బి, చల్లగా ఉంటుంది. ఒకటి వేడి, ఒకటి చల్లన. చేతి వెనుక భాగంతో తాకి చూస్తే తెలుస్తుంది. రెండింటిలోనూ ఆ చోట ఎక్కించటం ఆపి సూది తీసేయవలసిందే. చేతికి గుచ్చే సన్నని ప్లాస్టిక్ గొట్టాన్ని కాన్యులా అంటారు. వాటికి రంగులు: 18 నెంబరు పచ్చ, 20 గులాబీ, 22 నీలం, 24 పసుపు. నెంబరు పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. ఇది పిల్లకు తికమకగా ఉంటే, కుట్టుమిషను దగ్గర కూర్చున్న మా భాయీజాన్, "నూలు నెంబరు కూడా అంతే గదా బేటీ, నెంబరు పెద్దదైతే నూలు సన్నం" అన్నారు. ఇక ఆమె మరచిపోలేదు. సరియైన రోగి, సరియైన మందు, సరియైన మోతాదు, సరియైన మార్గం, సరియైన సమయం అనే అయిదూ చూచుకోకుండా సూది పట్టుకోరాదు. పొటాషియం మందును కలపకుండా నేరుగా సిరలోకి వేస్తే గుండె ఆగిపోతుంది. ఇట్లాంటి విషయాలు చదువుతుంటే, ఆసుపత్రిలో తెల్లబట్టలతో అటూ ఇటూ తిరిగే పిల్లలు ఎంత బరువు మోస్తున్నారో మాకు మొదటిసారి తెలిసింది.

ఇక చుక్కల లెక్క. బాటిలు కింద చుక్కలు పడే చిన్న అర ఉంటుంది, మీరందరూ చూచే ఉంటారు. సాధారణంగా పెద్దవాళ్లకు వాడే సెట్టులో 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. చిన్నపిల్లలకు వాడే సన్న చుక్కల సెట్టులో 60 చుక్కలు ఒక మిల్లీలీటరు. 500 మిల్లీలీటర్ల బాటిలు నాలుగు గంటల్లో పోవాలని డాక్టరు వ్రాశారనుకోండి. 500ను 20తో గుణిస్తే పదివేల చుక్కలు. నాలుగు గంటలంటే 240 నిమిషాలు. భాగిస్తే నిమిషానికి ఇంచుమించు 42 చుక్కలు. అదే సన్న చుక్కల సెట్టయితే 125 చుక్కలు. ఈ రెంటినీ తారుమారు చేసి పెద్ద చుక్కల సెట్టులో 125 చుక్కలు వదిలితే నాలుగు గంటల బాటిలు గంటా ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. లెక్క చిన్నదే. అయిదో తరగతి పిల్లవాడు చేయగలడు. కాని వాచీ చేతిలో పట్టుకొని, ముల్లు చూస్తూ, చుక్కలు లెక్కపెట్టి, చక్రం కొంచెం తిప్పి, మళ్లీ లెక్కపెట్టి, మళ్లీ గంటకోసారి వచ్చి చూచే మనిషి కావాలి. ఆ మనిషి పేరే నర్సు.

మనవాళ్లలో ఒక అలవాటున్నది. నీరసమనిపిస్తే చాలు, "డాక్టరుగారూ, ఒక గ్లూకోజు బాటిలు ఎక్కించండి, బలం వస్తుంది" అంటాము. పిల్లా మేమూ కలిసి లెక్క కట్టాము. అయిదు శాతం గ్లూకోజు అర లీటరు బాటిలులో ఉండేది 25 గ్రాముల చక్కెర. అంటే నాలుగైదు చెంచాలు. దాని బలం ఇంచుమించు వంద కాలరీలు, రెండు ఇడ్లీలంత. మామూలు సెలైన్ అర లీటరులో నాలుగున్నర గ్రాముల ఉప్పు, మిగతాది నీళ్లు. నోటితో తాగగలిగే మనిషికి ఇది సూదితో ఎందుకు? అవసరమైనప్పుడు ఇదే ప్రాణం పోస్తుంది. అవసరం లేనప్పుడు ఇది డబ్బు దండగ, ఒక్కొక్కప్పుడు ప్రమాదం.

దీని చరిత్ర కూడా పిల్లకు చెప్పటానికని మేము చదివాము. 1831లో కలరా ఇంగ్లండు చేరినప్పుడు ఓషానెసీ అనే యువ వైద్యుడు రోగుల రక్తాన్ని పరీక్షించి, రక్తంలో నీరూ, లవణాలూ తగ్గిపోతున్నాయని కనిపెట్టాడు. తర్వాత ఆయనే మన దేశానికి వచ్చి కలకత్తాలో పనిచేసి, తంతి తీగెలు వేయించాడు. ఆయన మాట చదివి 1832లో స్కాట్లండులో థామస్ లట్టా అనే డాక్టరు మొదటిసారి ఉప్పునీటిని రోగుల సిరలోకి ఎక్కించాడు. మొదటి రోగి ఒక ముసలామె. చనిపోయిందనుకొన్న మనిషి అరగంటలో తేరుకొని మాట్లాడింది. డాక్టరు ఆమెను మరొకరికి అప్పగించి వెళ్లాడు. విరేచనాలు మళ్లీ పట్టుకొన్నాయి. మళ్లీ ఎక్కించినవారు లేరు. కొన్ని గంటల్లో ఆమె కన్ను మూసింది. మందు దొరికింది గాని, కనిపెట్టుకొని ఉండే మనిషి దొరకలేదు.

మరొకటి మన దేశంలోనే జరిగింది. 1971లో బంగ్లాదేశ్ నుంచి వచ్చిన కాందిశీకుల శిబిరాల్లో కలరా ప్రబలింది. బొంగావ్‌లో డాక్టర్ దిలీప్ మహలనాబీస్ దగ్గర సెలైన్ బాటిళ్లు అయిపోయాయి. ఆయన ఉప్పు, గ్లూకోజు, వంట సోడా నీళ్లలో కలిపి పీపాల్లో పోసి, తల్లులకిచ్చి పిల్లల చేత తాగించమన్నాడు. నూటికి ముప్పై దాకా ఉన్న చావులు నాలుగు లోపలికి దిగాయి. 2022లో ఆయన కన్ను మూసిన తర్వాత, 2023లో ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది. ఈరోజు మందుల షాపులో దొరికే ఓ.ఆర్.ఎస్. పొట్లం అలాంటిదే. విరేచనాలు పట్టుకొన్నప్పుడు తాగగలిగినంత సేపు అదే తాగించండి. తాగలేని స్థితి వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోండి.

ఇంతవరకు చెప్పింది పుస్తకంలోని మాట. ఇక చెప్పబోయేది మా మాట. ఇది చెప్పాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాము.

సెలవులు అయిపోయే ముందు ఒక సాయంత్రం పాఠంలో చివరి భాగానికి వచ్చాము. ద్రవం వేగంగా, ఎక్కువగా పోతే ఏమవుతుంది అనేది. పిల్ల చదివి మాకు చెబుతున్నది: "గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు, ముసలివాళ్లకు, మూత్రపిండాల జబ్బున్నవాళ్లకు నెమ్మదిగా ఎక్కించాలి చాచా. వేగంగా పోతే గుండె తోడలేదు. నీరు ఊపిరితిత్తుల్లో చేరుతుంది. ఆయాసం వస్తుంది, ఛాతీలో గురగురమంటుంది, పడుకోలేరు." మా చేతిలో పెన్సిలు ఆగిపోయింది.

2014 వేసవిలో ఆ పిల్ల తండ్రికి, అంటే మా భాయీజాన్‌కు, వాంతులు విరేచనాలు పట్టుకొన్నాయి. అంతకు ముందే గుండె కొంచెం బలహీనమని చెప్పి ఉన్నారు. ఆసుపత్రిలో చేర్చాము. డాక్టరు సెలైన్ వ్రాసి, "గుండె మనిషి, నెమ్మదిగా నాలుగు గంటలు పోనీయండి" అని మా ఎదుటే చెప్పి వెళ్లాడు. మేము పక్కన కూర్చున్నాము. చుక్క, చుక్క, చుక్క. ఎంతకీ అయిపోదు. ఊరికి ఆఖరి బస్సు ఎనిమిదింటికి. ఇంట్లో పిల్లలు ఒంటరిగా ఉన్నారు. మేము లేచి చక్రం పైకి తిప్పాము. చుక్కలు ధారగా మారినాయి. గంట లోపలే బాటిలు దాదాపు ఖాళీ అయింది. మేము లెక్కల మాస్టరము. చదువుకొన్నవాళ్లము. నెమ్మదిగా అన్న మాట మా చెవులతో విన్నవాళ్లము.

భాయీజాన్‌కు ఆయాసం మొదలయింది. కూర్చోలేరు, పడుకోలేరు. కేరళ నుంచి వచ్చిన ఒక పెద్ద సిస్టరు పరుగెత్తుకొచ్చి చక్రం మూసేసి, ఆయన్ను నిటారుగా కూర్చోబెట్టి, కాళ్లు కిందికి వేలాడదీసి, ఆక్సిజన్ పెట్టి, డాక్టరును పిలిపించింది. ఇంజెక్షను వేశారు. తెల్లవారేసరికి అల్లా దయవల్ల కుదుటపడ్డారు. ఆ హడావుడిలో సిస్టరు, "ఇంత వేగం ఎవరు పెట్టారు?" అని గట్టిగా అడిగింది. మేము మాట్లాడలేదు. అప్పుడు ఆ వార్డులో డ్యూటీ మీద ఉన్న శిక్షణలోని అమ్మాయిని పిలిచారు. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్లుంటాయి. "నేను సరిగానే పెట్టాను సిస్టర్" అని ఏడుస్తూ చెప్పింది. ఎవరూ నమ్మలేదు. అందరి ముందూ చీవాట్లు తిన్నది. మేము గోడ వైపు చూస్తూ నిలబడ్డాము.

ఇన్నేళ్లూ మేము దాన్ని బలహీనత వల్ల వచ్చిన ఆయాసమే అనుకొన్నాము. అట్లా అనుకోవటం మాకు సుఖంగా ఉండింది. ఆ సాయంత్రం పుస్తకం ఒప్పుకోనివ్వలేదు. పిల్లకు మొత్తం చెప్పేశాము. అప్పుడు ఆమె రెండో తరగతి, ఏమీ తెలియదు. విని చాలాసేపు ఊరకున్నది. తర్వాత, "నిమిషానికి ఎన్ని చుక్కలు పడినాయి చాచా?" అని అడిగింది. "లెక్కపెట్టలేదు బేటీ" అన్నాము. "లెక్కపెట్టాలి చాచా" అని మాత్రం అని, పుస్తకం పేజీ తిప్పింది. ఒక గంట తర్వాత తనే మళ్లీ అడిగింది: "ఆ ట్రైనీ అమ్మాయి పేరేమిటి?" పేరు కూడా మాకు తెలియదు.

భాయీజాన్‌కు కూడా చెప్పాము. ఆయన ఇప్పుడు ముందు వరుసలోనే కూర్చుని ఉన్నారు. నవ్వి, "అరే, నువ్వు తిప్పకపోతే నేనే తిప్పేవాణ్ణి, నాకూ విసుగొచ్చింది" అన్నారు. ఆయన పెద్ద మనసు అది. కాని ఆ అమ్మాయి దగ్గర క్షమాపణ కోరే దారి మాకు లేదు. ఆమె ఎక్కడున్నదో తెలియదు. అందుకే ఇంతమంది ఎదుట చెబుతున్నాము.

ఇక మా మనవులు. ఆసుపత్రిలో మనవాళ్ల పక్కన కూర్చున్నప్పుడు ఆ చక్రం మీద చెయ్యి వేయవద్దు. ఆలస్యమవుతుందనిపిస్తే సిస్టరును పిలవండి. సూది దగ్గర వాపు గాని, మంట గాని, రోగికి చలి వణుకు గాని, ఆయాసం గాని కనిపిస్తే వెంటనే చెప్పండి. బాత్‌రూముకు పోయేటప్పుడు బాటిలు చేతి కంటె కిందికి దించితే రక్తం గొట్టంలోకి వెనక్కు వస్తుంది, అది కూడా గుర్తుంచుకోండి. శిక్షణలో ఉన్న పిల్లలతో మర్యాదగా మాట్లాడండి.

సంఘానికి మా మనవి ఏమంటే, ఆదివారం పూట ఇంటర్ చదివే ఆడపిల్లలకు ఇంగ్లీషు మాటలూ, ఈ లెక్కలూ చెప్పే తరగతి ఒకటి పెడదాము. చెప్పటానికి మేము సిద్ధం. డబ్బు అక్కర్లేదు. మా మూడు వరుసల నోటుబుక్కు నకళ్లు తీయించి, నర్సింగులో చేరే ప్రతి పిల్లకూ సంఘం తరఫున ఇద్దాము. దానితోపాటు సెకన్ల ముల్లున్న చేతి వాచీ ఒకటి ఇద్దాము. మొదటి వాచీ ఖర్చు మాది. రాత్రి డ్యూటీ పిల్లలను దింపి తీసుకురావటానికి ఆటోలున్న మన సభ్యులు వంతులు వేసుకొంటే, మా ఫూఫీ లాంటి వారి భయం కూడా తీరుతుంది.

ఉపాధ్యాయ సోదరులకు ఒక్క మాట. కూలీల బావి లెక్కలు చెప్పండి, తప్పు లేదు. కాని ఆ పక్కనే ఒక బాటిలు బొమ్మ గీసి, ఒక చుక్క గీసి, కింద ఒక మనిషిని పడుకోబెట్టండి. జవాబు తప్పితే ఏమవుతుందో పిల్లలను అడగండి. మేము ఈ ఏడు మా తరగతిలో అదే చేస్తున్నాము.

అమ్మాయి పరీక్ష వ్రాసి వచ్చింది. చుక్కల లెక్క వచ్చిందట. సెట్టు ఈసారి 60 చుక్కలదట. "ముందు సెట్టు చూశాను చాచా, తర్వాతనే కలం పట్టాను" అన్నది. ఫలితాలు ఇంకా రాలేదు. మీ దువాలలో ఆ పిల్లను, ఆ పేరు తెలియని అమ్మాయిని కూడా తలచుకోవాలని వేడుకొంటూ సెలవు తీసుకొంటున్నాము. ఖుదా హాఫిజ్.